డార్ట్‌మూర్ ఖాళీ నేల కాదు

చలికాలం సాయంత్రం, పొద్దు వాలి ఎండ నేలబారుగా పడే వేళ డార్ట్‌మూర్ కొండల మీద ఒక సంగతి బయటపడుతుంది. మధ్యాహ్నమంతా ఒకే రంగు గడ్డి, నాలుగు గొర్రెలు తప్ప ఏమీ లేనట్టు కనిపించిన నేల మీద సన్నని గట్ల నీడలు లేస్తాయి. అవి నాచు పట్టిన రాళ్ల వరసలు, చాలా చోట్ల మోకాలి ఎత్తు కూడా ఉండవు. ఒక్కో గట్టు వాలు దిగి, వాగు దాటి, అవతలి కొండ ఎక్కి కిలోమీటర్ల కొద్దీ తిన్నగా సాగిపోతుంది. దానికి సమాంతరంగా ఇంకొకటి, ఆ పక్కన మరొకటి. చూడగానే పొలం గట్లు అనిపిస్తాయి. నిజంగానే పొలం గట్లే. వేసి సుమారు 3,500 ఏళ్లయింది.

డార్ట్‌మూర్ ఇంగ్లండ్ నైరుతి మూలన డెవన్ కౌంటీలో ఉంది. 'మూర్' అంటే ఎత్తైన చోట, గాలికి వానకు నిలువునా తడుస్తూ, చెట్టూ చేమా పెద్దగా లేకుండా, గడ్డీ హీథర్ పొదలూ ఊబులూ పరుచుకున్న బయలు నేల. మన రెవెన్యూ రికార్డులో రాయాల్సి వస్తే బంజరు అని రాసేస్తారు. 1951లో దీన్ని నేషనల్ పార్క్‌గా ప్రకటించారు. విస్తీర్ణం 954 చదరపు కిలోమీటర్లు. చూడ్డానికి వచ్చేవాళ్లలో చాలామంది, మనిషి చెయ్యి పడని ప్రకృతి ఇంకా మిగిలిందంటే ఇదే అనుకుంటారు. ఆ అభిప్రాయం తప్పు. ఇక్కడి చెట్లు నరికింది మనిషి. కొండవాలు తవ్వింది, వాగులు మళ్లించింది, రాళ్లు నిలబెట్టింది కూడా మనిషే. ఈ నేలకు పేరు తెచ్చిన దెయ్యాల కథల్ని దగ్గరగా చూస్తే, చాలావాటి కింద ఎవరో ఎప్పుడో చేసిన పని ఆనవాలు ఒకటి ఉంటుంది. చేసినవాళ్లను జనం మరిచిపోయారు, ఆనవాలు మిగిలింది. అది ఇక్కడెందుకుంది అన్న ప్రశ్నకు తర్వాతి తరాలు చెప్పుకున్న జవాబులే ఆ కథలు.

అన్నిటికీ మూలం రాయి. సుమారు 28 కోట్ల ఏళ్ల క్రితం భూమి లోపల కరిగిన శిల పైకి రాకుండానే మెల్లగా చల్లారి గ్రానైట్ అయింది. పైనున్న పొరలు కోట్ల ఏళ్లలో అరిగిపోయాక అది బయటపడింది. కొండల నెత్తిన ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే రాళ్ల గుట్టల్ని ఇక్కడివాళ్లు 'టార్' అంటారు. ఇవి 160కి పైగా ఉన్నాయి. హైదరాబాద్ చుట్టుపక్కల గుండ్ల మీద గుండ్లు నిలబడ్డ గుట్టల్ని చూసినవాళ్లకు ఈ దృశ్యం కొత్తగా ఉండదు. రాయి వయసులో మాత్రం పోలికే లేదు, దక్కన్ గ్రానైట్ 250 కోట్ల ఏళ్ల నాటిది. పని చేసిన పద్ధతి రెండు చోట్లా దాదాపు ఒకటే. రాతిలో నిలువునా అడ్డంగా ఉన్న పగుళ్ల వెంట నీళ్లు దిగి, పగుళ్లు దగ్గరగా ఉన్నచోట రాయి పొడిగా రాలిపోయి, గట్టి భాగం నిలబడింది. డార్ట్‌మూర్‌లో మంచుయుగపు చలి కూడా చెయ్యి వేసింది. పగుళ్లలో నీళ్లు గడ్డకట్టి బండల్ని విరగ్గొడితే, ఆ ముక్కలు వాలంతా దొర్లి పరుచుకున్నాయి. ఆ రాళ్ల మేటల్ని 'క్లిటర్' అంటారు. హై విల్‌హేస్ అనే శిఖరం 621 మీటర్లతో అన్నిటికన్నా ఎత్తు.

గ్రానైట్ నీటిని లోపలికి ఇంకనివ్వదు. మధ్యలో ఉన్న ప్రిన్స్‌టౌన్ ఊళ్లో ఏడాదికి సుమారు 2,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఇంకని నేల, ఆగని వాన కలిస్తే గడ్డీ నాచూ చచ్చినా పూర్తిగా కుళ్లవు. నీళ్లలో నానుతూ పొర మీద పొరగా పేరుకుంటాయి. అదే పీట్. తడిసిన స్పాంజిలా ఉండే ఈ నల్లటి పొర నుంచే డార్ట్, టావ్, టీన్, టావీ లాంటి నదులు పుడతాయి. తూర్పు డార్ట్, పశ్చిమ డార్ట్ కలిసే చోటు పేరే డార్ట్‌మీట్. పైన పచ్చగా తివాచీలా కనిపించి, కాలు పెడితే పరుపులా ఊగే ఊబిని స్థానికులు 'ఫెదర్‌బెడ్' అంటారు. పచ్చదనం ఎంత ముద్దుగా ఉంటే అంత దూరంగా నడవాలని ఇక్కడి పిల్లలకు కూడా తెలుసు.

పొలం గట్ల దగ్గరికి మళ్లీ వద్దాం. వీటిని 'రీవ్'లు అంటారు. 19వ శతాబ్దంలోనే చూసినవాళ్లున్నారు, పాత దారులేమో అని కొందరు అనుకున్నారు. 1970లలో ఆండ్రూ ఫ్లెమింగ్ అనే పురావస్తు పరిశోధకుడు వీటి వెంట నడిచి, కొలిచి, ఇవి కాంస్యయుగపు భూమి హద్దులని నిరూపించాడు. అక్కడక్కడా ఒక రైతు వేసుకున్న గట్లు కావివి. వేల హెక్టార్ల నేలను ఒకే దిశలో, ఒకే పథకం ప్రకారం చీల్చిన పని. ఎదురుగా వాగు లోయ వచ్చినా గట్టు వంగలేదు. అంటే అప్పటికే చాలా కుటుంబాలు కూర్చుని మాట్లాడుకుని, ఇది నీది, ఇది నాది, ఆపైనున్న మేత అందరిదీ అని ఒక ఒప్పందానికి వచ్చాయన్నమాట. రాత లేని కాలంలో ఇంత పెద్ద సర్వే జరిగిందన్న సంగతి డార్ట్‌మూర్‌లోని ఏ దెయ్యం కన్నా ఆశ్చర్యకరమైనది.

వాళ్ల ఇళ్లూ మిగిలాయి. గుండ్రటి రాతి పునాదులు, 'హట్ సర్కిల్'లు, సుమారు 5,000 దాకా లెక్కకొచ్చాయి. గ్రిమ్స్‌పౌండ్ అనే చోట పెద్ద రాతి ప్రహరీ లోపల 24 ఇళ్ల పునాదులు ఉన్నాయి. ఒక ఇంటి ముందు నిలబడితే వాకిలి రెండు పక్కలా నిలువు రాళ్లు, దూసుకొచ్చే గాలిని ఆపడానికి వాకిలి ముందు వంపు తిరిగిన చిన్న గోడ కనిపిస్తాయి. మన పాత పల్లె ఇళ్లలో దడి కట్టిన కారణమే ఇక్కడా. పేరులో 'పౌండ్' అంటే పశువుల దొడ్డి, 'గ్రిమ్' అంటే ఓడిన్ దేవుడికి పాత ఇంగ్లిష్‌లో ఉన్న మారుపేరు. తర్వాత అదే సైతాను పేరైంది. కట్టింది ఎవరో తెలియక సైతానుకు అంటగట్టారు. తెలంగాణలో బృహత్ శిలాయుగపు సమాధుల్ని జనం రాక్షస గుళ్లు అనడం వెనక ఉన్న ఆలోచన కూడా అచ్చం ఇదే.

ఇంకా నిలువురాళ్ల వరసలు ఉన్నాయి. ఎర్మ్ నది పైభాగంలో ఒక వరస 3 కిలోమీటర్లు దాటి సాగుతుంది. ప్రపంచంలో ఇంతకన్నా పొడవైనది లేదంటారు. ఎందుకు నిలబెట్టారో చెప్పేందుకు చాలా ఊహలు నడుస్తున్నాయి. వాటిలో ఏదీ ఆ వరస వెంట గంటసేపు నడిచిన అనుభవానికి సరిపోదు.

క్రీస్తుకు పూర్వం 1000 ప్రాంతానికి వాతావరణం చల్లబడి వానలు పెరిగాయి. నరికిన అడవి తిరిగి లేవలేదు. సారం కొట్టుకుపోయిన నేల పులుపెక్కింది, పీట్ పైకి పాకింది. జనం కిందికి దిగిపోయారు. ఈరోజు కనిపించే 'సహజమైన' బయలు చాలావరకు అలా తయారైందే. తర్వాత ఎవరూ నాగలి పెట్టి దున్నలేదు కాబట్టే గట్లు మిగిలాయి. కింది మైదానాల్లో ఇలాంటివి ఉన్నా ఎప్పుడో చాళ్ల కింద కలిసిపోయాయి.

మనుషుల్ని మళ్లీ పైకి తెచ్చింది తగరం. గ్రానైట్ చల్లారేటప్పుడు పగుళ్లలో తగరపు ఖనిజం చేరింది. కొండ అరిగినప్పుడు అది వాగు గులకల్లో కలిసింది. మధ్యయుగంలో ఇక్కడి పనివాళ్లు గని తవ్వలేదు, వాగునే తిరగేశారు. పై నుంచి కాలువ తవ్వి నీళ్లు తెచ్చి, గులకను కడిగితే తేలిక మట్టి కొట్టుకుపోయి బరువైన ఖనిజం కింద నిలిచేది. కడిగి పారేసిన రాళ్ల కుప్పలు ఇప్పటికీ ప్రతి లోయలోనూ వరసలుగా పడి ఉన్నాయి. 12వ శతాబ్దం చివర్లో యూరప్‌కు తగరం పంపిన ముఖ్యమైన చోట్లలో డెవన్ ఒకటి. 1305లో రాజు ఇచ్చిన శాసనంతో టావిస్టాక్, ఆష్‌బర్టన్, చాగ్‌ఫర్డ్ తగరపు పట్టణాలయ్యాయి. తూకం వేసి పన్ను కట్టనిదే తగరం అమ్మకూడదు. కొద్దికాలానికి ప్లింప్టన్ కూడా చేరింది. పోస్ట్‌బ్రిడ్జ్ దగ్గర మనిషిని మించిన పొడవున్న బండల్ని రాతి స్తంభాల మీద పరిచి కట్టిన మధ్యయుగపు వంతెన, బరువులు మోసే గుర్రాల దారి మీదిదే. సున్నం చుక్క లేకుండా ఇన్ని వరదలకు తట్టుకుంది.

తగరం పనివాళ్లకు సొంత చట్టం, సొంత కోర్టు, సొంత పార్లమెంటు ఉండేవి. ఆ పార్లమెంటు కూర్చునే చోటు క్రోకర్న్ టార్. పైకప్పు లేదు, గోడ లేదు. నాలుగు పట్టణాల నుంచి 24 మంది చొప్పున 96 మంది ఆ గాలిలో, ఆ రాళ్ల మధ్య సమావేశమయ్యేవారు. ఎవరి పొలంలోనైనా తగరం కోసం తవ్వే హక్కు తగరం పనివాళ్లకు ఉండేది. వాళ్ల చట్టం తప్పినవాళ్లను లిడ్‌ఫర్డ్ జైలులో వేసేవారు. 1195లో కట్టిన ఆ రాతి బురుజు ఇప్పటికీ నిలిచే ఉంది. పొద్దున ఉరి, మధ్యాహ్నం విచారణ అని 'లిడ్‌ఫర్డ్ న్యాయం' మీద సామెత పుట్టిందంటే జనం ఎంత భయపడ్డారో అర్థమవుతుంది.

ఆ జైలు నుంచి వచ్చిన ఒక సంగతి డార్ట్‌మూర్ దాటి చాలా దూరం వెళ్లింది. తగరం కడిగిన మట్టి నదుల్లో కొట్టుకెళ్లి ప్లిమత్ వైపు రేవులు పూడిపోతున్నాయి. 1512లో ప్లింప్టన్ నుంచి పార్లమెంటు సభ్యుడైన రిచర్డ్ స్ట్రోడ్ దీన్ని అదుపు చేసే బిల్లులు ప్రతిపాదించాడు. అతను కూడా తగరం వ్యాపారంలో ఉన్నవాడే. తగరపు కోర్టులు అతనికి జరిమానా వేసి లిడ్‌ఫర్డ్ జైల్లో పడేశాయి. ఆ చోటు ఎంత రోతగా, రోగాలు అంటించేలా ఉందో అతని ఫిర్యాదులో ఉంది. పార్లమెంటు అతని పక్షాన నిలిచి చట్టం చేసింది. సభలో మాట్లాడినందుకు సభ్యుడి మీద కేసు నడవకూడదన్న సూత్రానికి చట్టరూపంలో తొలి మెట్లలో ఇది ఒకటి. మన రాజ్యాంగం 105వ అధికరణంలో ఎంపీల హక్కుల గురించి రాసినప్పుడు, మొదట బ్రిటిష్ హౌస్ ఆఫ్ కామన్స్ హక్కులనే ప్రమాణంగా తీసుకున్నారు. 1978 సవరణలో ఆ పేరు తీసేశారు. ఢిల్లీలో సభ్యులకున్న మాట స్వేచ్ఛకు మూలాలు వెతుక్కుంటూ వెళ్తే, ఒక కొమ్మ పర్యావరణ కాలుష్యం మీద జరిగిన ఈ గొడవ దాకా వెళ్తుంది.

పాత పత్రాల్లో ఈ నేలను 'ఫారెస్ట్ ఆఫ్ డార్ట్‌మూర్' అని రాశారు. చెట్లే లేని చోటు అడవి ఎలా అయింది? మధ్యయుగపు లెక్కలో ఫారెస్ట్ అంటే రాజు వేటకు కేటాయించిన నేల, చెట్లతో పని లేదు. 1204లో డెవన్ మొత్తాన్ని ఈ వేట చట్టాల నుంచి తప్పించినా డార్ట్‌మూర్‌ను, ఎక్స్‌మూర్‌ను మాత్రం రాజు వదల్లేదు. 1337 నుంచి ఇది కార్న్‌వాల్ డచీ ఆస్తి, అంటే ఇంగ్లండ్ యువరాజుది. ఇప్పటికీ అంతే. చుట్టూ ఉన్న ఊళ్ల రైతులకు పశువులు మేపుకునే హక్కు, పీట్ కోసుకునే హక్కు ఉండేవి. వీళ్లను 'కామనర్లు' అంటారు. ఏడాదికోసారి కబురు లేకుండా కొండ మీది పశువుల్నీ పోనీలనూ అన్నిటినీ తోలుకొచ్చి, హక్కు లేనివాళ్లవి డనబ్రిడ్జ్ బందెలదొడ్డిలో కట్టేసి జరిమానా వసూలు చేసేవారు. దొడ్డి ఇప్పటికీ ఉంది. శరదృతువులో పోనీల్ని తోలుకొచ్చే పని ఇప్పటికీ జరుగుతుంది, దాన్ని 'డ్రిఫ్ట్' అంటారు.

ఇక కథలు. వీటికి ముడిసరుకు పొగమంచు. ఎండ కాస్తుండగానే పది నిమిషాల్లో అది దిగుతుంది, పక్కనున్న టార్ మాయమవుతుంది. నడిచే మనిషి తిన్నగా పోతున్నాననుకుంటూ తిరిగి బయల్దేరిన చోటికే వస్తాడు. దారి తప్పించింది పిక్సీలనే బుల్లి మాయజీవులని, కోటు తిరగేసి తొడుక్కుంటే విడిచిపెడతాయని నమ్మకం. ఆగి కోటు విప్పి తొడుక్కునేలోపు కంగారు తగ్గి మనిషి చుట్టూ చూసుకుంటాడు కాబట్టి అది పనికొచ్చే చిట్కానే. ఊబి మీద రాత్రిపూట వెలిగే దీపాల మాట మన కొరివి దెయ్యం లాంటిదే.

ఫాక్స్ టార్ ఊబుల పక్కన చైల్డ్ సమాధి అనే రాతి శిలువ ఉంది. చైల్డ్ అనే భూస్వామి వేటలో మంచు తుఫానుకు చిక్కి, గుర్రాన్ని చంపి, దాని కడుపు చీల్చి వెచ్చదనం కోసం లోపల దూరాడు. అయినా గడ్డకట్టి చచ్చిపోయాడు. తనను పాతిపెట్టినవాళ్లకే తన భూములని రక్తంతో రాసిపెట్టాడు. వార్త విన్న టావిస్టాక్ మఠం సన్యాసులు పరుగున వచ్చి శవాన్ని మోసుకెళ్లారు. అదే ఆశతో దారి కాచిన ప్లిమ్‌స్టాక్ ఊరి జనాన్ని తప్పించుకోవడానికి నది మీద రాత్రికి రాత్రి కొత్త వంతెన వేశారు. కథ ఇదీ. శిలువ కింద ఉన్నది మాత్రం చైల్డ్ కన్నా కొన్ని వేల ఏళ్లు పాతదైన కాంస్యయుగపు రాతి పెట్టె సమాధి. మఠానికి భూములు ఎలా వచ్చాయన్న ఈర్ష్య కథకు కారణం కావచ్చు. కథ నిలబడటానికి మాత్రం ఎవరిదో తెలియని ఒక గోరీ కావాల్సి వచ్చింది.

వైడ్‌కూంబ్ సంగతి వేరు, అక్కడ అసలు ఘటన జరిగిందనడానికి ఆనాటి రాతలున్నాయి. 1638 అక్టోబర్ 21, ఆదివారం. 'మూర్ ప్రధాన గుడి' అని పేరున్న సెయింట్ పాంక్రస్ చర్చి నిండా జనం, మధ్యాహ్నం ప్రార్థన నడుస్తోంది. ఉన్నట్టుండి లోపలంతా చీకటి కమ్మింది, పక్కవాడి ముఖం కనిపించనంత. ఉరుము, వెంటనే నిప్పుల బంతి ఒకటి కిటికీలోంచి లోపలికి వచ్చి గుడి అంతా చుట్టేసింది. ఒక్కొక్కళ్ల బట్టలు కాలకుండా లోపలి ఒళ్లు కాలింది, కొందరికి బట్టలే కాలి ఒంటికేమీ కాలేదు. బురుజు మీది రాతి శిఖరం ఒకటి పైకప్పు బద్దలుకొట్టుకుని లోపల పడింది. నలుగురు చనిపోయారు, 60 మంది దాకా గాయపడ్డారు. బంతి మెరుపు గురించి ఇంగ్లండ్‌లో దొరికే తొలి వివరమైన కథనాల్లో ఇది ఒకటి. ఊరి బడిపంతులు రాసిన పద్యం చెక్క పలకల మీద ఇప్పటికీ చర్చిలో వేలాడుతోంది.

జనానికి మెరుపు సరిపోలేదు. ఎందుకు పడింది, ఎవరి పాపం అన్నది తేలాలి. అలా జాన్ రేనాల్డ్స్ అనే పేకాటరాయుడు కథలోకి వచ్చాడు. డబ్బు కోసం సైతానుతో బేరం పెట్టుకున్నాడు. చర్చిలో కునుకు తీస్తే నీ ప్రాణం నాది అన్నాడట సైతాను. ఆ ఆదివారం నల్ల గుర్రం మీద ఒక కొత్త మనిషి పౌండ్స్‌గేట్ సారాయి కొట్టు దగ్గర ఆగి వైడ్‌కూంబ్‌కు దారి అడిగాడు. అతను తాగిన బీరు గొంతులో దిగుతుంటే కాలిన పెనం మీద నీళ్లు చల్లినట్టు చుయ్ మంది. ఇచ్చిన నాణేలు అతను వెళ్లాక ఎండుటాకులయ్యాయి. చర్చిలో పేకముక్కలు చేతిలో పట్టుకుని నిద్రపోతున్న జాన్‌ను పట్టుకుని సైతాను గుర్రం మీద లాక్కుపోయాడు. బర్చ్ టార్ మీదుగా పోతుండగా చేతిలోని నాలుగు ఆసులు జారిపడ్డాయి. అక్కడ కొండవాలున నాలుగు పాత రాతి గోడల మళ్లు ఉన్నాయి, వాటిని వారెన్ హౌస్ ఇన్ అనే సత్రం దగ్గర నిలబడి చూస్తే ఆసుల ఆకారాలు పోల్చుకోవచ్చని చూపిస్తారు. ఎవరో ఒకప్పుడు కూరగాయో మరేదో వేసుకుందామని కష్టపడి కట్టిన గోడలవి. పంట పోయింది, మనుషులు పోయారు, గోడలు పేకముక్కలైపోయాయి. ఆ ఇన్‌లో పొయ్యి 1845 నుంచి ఆరలేదని చెబుతారు.

క్రాన్‌మియర్ కొలను కథ కూడా చెప్పుకోదగ్గదే. ఓకహాంప్టన్ ఊరి పాత మేయర్ దెయ్యమై తిరుగుతుంటే, జల్లెడతో ఆ కొలను ఖాళీ చేయమని శిక్ష వేశారట. అతను చచ్చిన గొర్రె తోలు జల్లెడకు అడుగున వేసి నీళ్లు తోడిపోస్తే ఊరు మునిగింది. ఇప్పుడక్కడ కొలను లేదు, పీట్ గుంట మాత్రమే. 1854లో జేమ్స్ పెరట్ అనే చాగ్‌ఫర్డ్ గైడు, అంత దూరం నడిచొచ్చిన వాళ్లు పేరు కార్డు వేయడానికి అక్కడ ఒక సీసా పెట్టాడు. దాచిన డబ్బాల్ని వెతికి ముద్ర వేసుకునే 'లెటర్‌బాక్సింగ్' ఆట ఆ సీసాతోనే మొదలైంది.

అన్ని కథల్లోనూ గుండె పట్టేది కిటీ జే కథ. మానటన్ దగ్గర ఒక పొలంలో పనికి పెట్టిన అనాథ పిల్ల. మోసపోయి గర్భవతి అయి, పశువుల కొట్టంలో ఉరి వేసుకుందని చెబుతారు. ఆత్మహత్య చేసుకున్నవాళ్లకు చర్చి ఆవరణలో చోటు ఇచ్చేవారు కాదు. ఊళ్ల హద్దులు కలిసే నాలుగు దార్ల కూడలిలో పాతేవారు, ఆత్మ ఇంటిదారి పట్టకుండా. 1823లో చట్టం ఈ ఆచారాన్ని ఆపేదాకా ఇంగ్లండ్‌లో ఇది మామూలు. 1860లో దారి పనిచేస్తున్నవాళ్లకు కూడలి పక్కన ఒక ఆడమనిషి ఎముకలు దొరికాయి. వాటిని పెట్టెలో పెట్టి అక్కడే పాతి మట్టి దిబ్బ వేశారు. ఆ దిబ్బ మీద ఏ కాలంలో చూసినా తాజా పువ్వులుంటాయి. ఎవరు పెడతారో తెలియదు, పిక్సీలంటారు. ఒక్కరు కాదు, చాలామంది పెడుతూ ఉండాలి. పువ్వులతో పాటు నాణేలు, చిన్న బొమ్మలు, పూసలు కూడా వదిలివెళ్తారు. ఒక ఊరు కూడలిలోకి నెట్టిన పిల్లకు ఊరూ పేరూ తెలియనివాళ్లు ఇన్నేళ్లుగా చేస్తున్న కర్మకాండ ఇది.

షెర్లాక్ హోమ్స్ వేటకుక్క నవల వల్ల డార్ట్‌మూర్ ప్రపంచమంతా తెలిసింది. రచయిత కొనన్ డోయల్ 1901లో ప్రిన్స్‌టౌన్‌లో బస చేసి ఈ ఊబుల చుట్టూ తిరిగాడు. నవలలోని ఊబికి ఫాక్స్ టార్ ఊబే ఆధారమని అందరూ చెప్పే మాట. నల్ల కుక్కల మాట మాత్రం అంతకు ముందే ఉంది. బక్‌ఫాస్ట్‌లీలో 1677లో చనిపోయిన రిచర్డ్ కాబెల్ సమాధి చుట్టూ వేటకుక్కలు ఊళపెడతాయని చెప్పుకునేవారు. అతను లేవకుండా సమాధి మీద రాతి గది కట్టారని కూడా అంటారు.

డోయల్ బస చేసిన ఊళ్లోనే జైలు ఉంది. దాన్ని చూసినవాళ్లకు నవలలోని భయం చిన్నదనిపిస్తుంది. థామస్ టిరిట్ అనే పెద్దమనిషి, యువరాజుకు సన్నిహితుడు, ఈ బంజరును సాగు చేసి తీరాలని పట్టుబట్టాడు. పంటలు నిలవలేదు. అప్పటికి నెపోలియన్ యుద్ధాల్లో పట్టుబడ్డ ఫ్రెంచి సైనికుల్ని ప్లిమత్‌లో పాత ఓడల్లో కుక్కి ఉంచారు. వాళ్లకోసం కొండ మీద జైలు కడితే ఊరూ లేస్తుంది, పనివాళ్లూ దొరుకుతారు అని టిరిట్ లెక్క. 1806లో మొదలుపెట్టి 1809లో తెరిచారు. సముద్రమట్టానికి 400 మీటర్ల పైన, గాలీ వానా మంచూ. వేలమందిని కుక్కారు. మశూచి, టైఫస్ లాంటి జబ్బులతో వందలకొద్దీ చచ్చిపోయారు. 1813 నుంచి అమెరికన్ ఖైదీలు కూడా వచ్చారు. ప్రిన్స్‌టౌన్ చర్చి కట్టింది ఈ యుద్ధఖైదీలే. తమ దేశం కాని దేశంలో, తమది కాని గుడికి రాళ్లు చెక్కారు.

1814 డిసెంబర్‌లో అమెరికాతో సంధి కుదిరింది. 1815 ఏప్రిల్ వచ్చినా ఖైదీలు ఇంకా లోపలే ఉన్నారు. ఇంటికి పంపే ఓడల కోసం ఎదురుచూపు, రొట్టె దగ్గర గొడవ, గోడలో కన్నం పడిందన్న అనుమానం. ఏప్రిల్ 6 సాయంత్రం కాపలా సైనికులు కాల్పులు జరిపారు. ఏడుగురు చనిపోయారు. యుద్ధం అయిపోయాక యుద్ధఖైదీలుగా చచ్చిపోయినవాళ్లు వాళ్లు. 1850లో దీన్ని నేరస్థుల జైలుగా మళ్లీ తెరిచారు. మొదట తెరిచిన రెండు శతాబ్దాల తర్వాత, 2024లో ఆ జైలు ఖాళీ చేయాల్సి వచ్చింది, రేడాన్ వాయువు వల్ల. డార్ట్‌మూర్ గ్రానైట్‌లో కొద్దిపాటి యురేనియం ఉంది. అది క్షీణిస్తూ రంగూ వాసనా లేని రేడాన్‌ను వదులుతుంది. మూసిన గదుల్లో అది పేరుకుంటే ఊపిరితిత్తుల క్యాన్సర్ ప్రమాదం. టార్‌లను నిలబెట్టిన రాయే, తగరాన్ని తెచ్చిన రాయే, జైలు గోడల కింద నుంచి ఇన్నేళ్లూ ఊపిరి విడుస్తూ ఉంది.

రాయిని అమ్ముకున్న కథ కూడా ఒకటుంది. 1820లో హేటార్ గనుల నుంచి కాలువ దాకా గుర్రాలు లాగే రైలు దారి వేశారు. ఇనుము కొనలేదు, పట్టాలు కూడా గ్రానైట్‌తోనే చెక్కారు. చక్రం పట్టే గాడి, దారి చీలేచోట రెండుగా విడిపోయే గాడి, ఇప్పటికీ గడ్డిలో స్పష్టంగా కనిపిస్తాయి. వేలు పెట్టి చూస్తే అరిగిన నునుపు తెలుస్తుంది. 1831లో తెరిచిన లండన్ బ్రిడ్జ్‌లో ఈ రాయి ఉంది. ఆ వంతెన పైరాళ్లు తర్వాత అమెరికాలోని అరిజోనా ఎడారికి వెళ్లాయి.

చెట్లు పూర్తిగా పోలేదనడానికి విస్ట్‌మన్స్ వుడ్ సాక్ష్యం. మూడున్నర హెక్టార్లున్న ఈ పొట్టి ఓక్ తోపు 400 మీటర్ల ఎత్తున, క్లిటర్ బండల మధ్య మెలికలు తిరిగి ఉంటుంది. ప్రతి కొమ్మ మీదా నాచు, నాచు మీద ఫెర్న్‌లు. నిప్పు కళ్ల దెయ్యపు కుక్కలు, 'విష్ట్ హౌండ్స్', వేటకు బయల్దేరేది ఇక్కడి నుంచేనంటారు. ఇది మిగలడానికి దేవుడో దెయ్యమో కారణం కాదు, బండలే. వాటి సందుల్లో మొలిచిన మొక్కను గొర్రె నోరు అందుకోలేదు. బండలు లేనిచోట మొక్క బతకలేదు. ఇప్పుడు దీనికి గొర్రెలకన్నా ఫోటోల కోసం వచ్చే జనం వల్లే ప్రమాదం ఎక్కువ. నాచు చెప్పుల కింద నలిగిపోతోంది, లోపలికి అడుగుపెట్టవద్దని అధికారులు కోరుతున్నారు.

ఈ నేల ఎవరిదన్న ప్రశ్న మళ్లీ మళ్లీ లేస్తూనే ఉంది. 1985 చట్టం ఉమ్మడి భూముల మీద కాలినడకన, గుర్రం మీద తిరిగే హక్కు అందరికీ ఇచ్చింది. రాత్రి గుడారం వేసుకుని పడుకోవడం ఆ హక్కులోకి వస్తుందా అని ఒక భూస్వామి కోర్టుకు వెళ్లాడు. 2023 జనవరిలో హైకోర్టు రాదంది, జూలైలో అప్పీల్ కోర్టు వస్తుందంది. 2025 మే 21న యూకే సుప్రీం కోర్టు ఏకగ్రీవంగా గుడారం పక్షాన తీర్పు ఇచ్చింది. ఇంగ్లండ్‌లో అనుమతి అడగకుండా ఇలా బయట పడుకునే హక్కు ఉన్నది డార్ట్‌మూర్‌లోనే. అదే కొండల ఉత్తర భాగంలో సైన్యం కాల్పుల సాధన చేస్తుంది. ఎర్ర జెండా ఎగిరిన రోజు ఎవరూ అటు వెళ్లకూడదు. రైతులకు మేత హక్కు కావాలి, పక్షుల కోసం పనిచేసేవాళ్లకు గొర్రెలు తగ్గాలి, హీథర్ పోయి మోలీనియా అనే మొరటు గడ్డి కమ్ముకుంటోందని ఇద్దరికీ బాధ ఉంది. ఎవరి వాదనలోనూ అబద్ధం లేదు.

అన్నిటికన్నా తొందరపెడుతున్నది పీట్. వైట్‌హార్స్ హిల్ మీద, సుమారు 600 మీటర్ల ఎత్తున, పీట్ దిబ్బ ఒకటి ఏటేటా తరిగిపోతూ ఉంటే పక్క నుంచి ఒక రాతి పెట్టె బయటపడింది. ఇక ఆగితే పోతుందని 2011లో తవ్వారు. మూత తీస్తే లోపల ఎలుగుబంటి తోలులో చుట్టిన కాలిన ఎముకలు. దగ్గర్లో నారతో అల్లిన చిన్న బుట్ట, అందులో అంబర్, షేల్, మట్టి పూసలు, తగరపు పూస, అన్నీ కలిపి 200 దాకా. చెక్కను గుండ్రంగా చిత్రిక పట్టి చేసిన బుడిపెలు. తాకితే దురద పుట్టించే నెటిల్ మొక్క నారతో నేసిన గుడ్డకు తోలు అంచు కుట్టిన పట్టీ. చనిపోయింది వయసులో చిన్నవాళ్లే, సుమారు 15 నుంచి 25 ఏళ్ల లోపు. దాదాపు 3,700 ఏళ్లు ఆ బుట్ట కుట్లు ఊడలేదు. గాలి చొరనివ్వని తడి పీట్ కాపాడింది.

ఆ తడే ఇప్పుడు పోతోంది. ఒకప్పుడు పొయ్యిల కోసం కోసిన కోతలు, నీళ్లు పోవడానికి తీసిన కాలువలు, కాల్చిన చోట్లు, ఎండలు కలిసి పీట్‌ను ఆరబెడుతున్నాయి. పనివాళ్లు ఆ పాత కోతలకు, కాలువలకు అడ్డంగా కట్టలు వేస్తున్నారు, నీళ్లు నిలిచి నాచు మళ్లీ పట్టేలా. ఆ దిబ్బల కింద ఇంకా ఎన్ని పెట్టెలున్నాయో పైనుంచి చూస్తే తెలియదు. గడ్డి మాత్రమే కనిపిస్తుంది.